ఎడమవైపు స్పీకర్

స్పీకర్లను నడిపే రిసీవర్ ఉండగా మళ్లీ విడిగా పవర్ యాంప్లిఫయర్ ఎందుకని బావను నెల రోజులుగా ఆటపట్టిస్తున్న బావమరిది, ఆ రాత్రి దీపాలార్పిన హాల్లో పాట మొదలవగానే ఎడమవైపుకి ఒరిగి కూర్చున్నాడు. పాట సగమయ్యాక మెల్లగా అన్నాడు.

"ఒప్పుకుంటున్నా బావా, నువ్వే గెలిచావ్. ఆ ఎడమవైపు స్పీకరైతే మనిషి పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంది."

బావకి కాళ్లు నేలమీద ఆనలేదు. కూనిరాగం తీస్తూ, తీగలు సర్దడానికి టార్చితో స్టాండు వెనక్కి వంగాడు.

కుడి స్పీకర్ తీగ కొత్త యాంప్లిఫయర్‌కి గట్టిగా బిగించి ఉంది. ఎడమ స్పీకర్ తీగ నేలమీద పడి ఉంది. భోజనమయ్యాక బిగిద్దామనుకుని మరిచేపోయాడు.

కూనిరాగం ఆగిపోయింది. చెయ్యి చాచి యాంప్లిఫయర్ ఆపేశాడు. కుడివైపు పాట తెగిపోయింది. ఎడమవైపు గొంతు మాత్రం పాడుతూనే ఉంది, ఇంకాస్త మెల్లగా, ఇంకాస్త దగ్గరగా.

"ఏమైంది బావా?"

నెల రోజుల తర్వాత చేతికొచ్చిన గెలుపు. బావ ఆ తీగను కాలితో తివాచీ కిందికి తోసేశాడు.

"ఏం లేదురా. కుడిదాన్ని కాసేపు ఆపాను. నీకు నచ్చిందే విను."