నడిమధ్య స్తంభం వద్దు

“నడిమధ్య స్తంభం వద్దు,” అన్నాడు కనకయ్య శెట్టి.

పంతొమ్మిదొందల అరవై నాలుగో సంవత్సరం. జగ్గయ్యపేట బజారులో తన కొట్టు పక్కనే నేలమాళిగ తవ్విస్తున్నాడాయన. గోడకీ గోడకీ మధ్య ఇరవై అడుగులు. వడ్రంగి శాంతయ్య గుంటలోకి తొంగిచూసి తల గోక్కున్నాడు.

“కింద ఏం పెడతారండీ?”

“ఏముంది పెట్టడానికి? ఎండాకాలం చల్లగా పడుకుంటా.”

“పడుకునేదానికి స్తంభం అడ్డమా శెట్టిగారూ?”

“నేను దొర్లుతానయ్యా!”

“మరి పైన?”

“ఊరికి సభామంటపం. దానం చేస్తున్నా. రెండొందల మంది పట్టాలి. వాళ్ళు ఊరికే నిలబడరు, గెంతుతారు.”

“భజనా అండీ?”

“అంతకంటే కోపంగా.”

స్తంభం లేకుండా గోడకీ గోడకీ వేసే ఈ దూలం నిలవాలి, శాంతయ్యకి అంతే. చెవిటికల్లులో తను వేసిన గొడ్లచావిడి దూలం వంగిన నాటినుంచి నందిగామ దాకా అతన్ని ‘వంగుడు శాంతయ్య’ అనే పిలుస్తున్నారు. పని ఇచ్చే నాథుడు లేడు. ఇదీ వంగిందంటే ఉలీ బాడిసా మూలన పారేసుకోవాల్సిందే.

కింద తల తగలకూడదన్నాడు శెట్టి. సరేనని టేకు దూలాన్ని వెడల్పు వైపు పడుకోబెట్టాడు శాంతయ్య. దూలం మీద వాసాలు, వాసాల మీద నాపరాళ్ళు. పరీక్షకు శాంతయ్య వాళ్ళ పాలెం జనాన్నంతా పిలిపించాడు శెట్టి. తను గుంట మెట్ల మీద నిలబడి తలకాయ ఒక్కటీ పైకి పెట్టాడు.

“గెంతండర్రా!”

గెంతారు.

“అట్లా కాదు, కోపంగా!”

“జొన్న గటక తాగొచ్చిన ఒళ్ళు. ఊళ్ళో బియ్యపు గింజ దొరకదాయె. ఇంతకంటే ఎట్లా గెంతమంటారు?” అంది శాంతయ్య పెళ్ళాం ఆరోగ్యమ్మ. “అయినా ఏం చూసి రావాలండీ కోపం?”

“నన్ను చూసి!”

అది బాగా కుదిరింది. దూలం కిర్రుమంటూ బెత్తెడు కిందికి దిగింది.

“వంగుడు శాంతయ్యా!” ఎవడో కూశాడు. అందరూ నవ్వారు. ఆరోగ్యమ్మ నవ్వలేదు.

శాంతయ్య మొహం మాడిపోయింది. రాళ్ళు తీయించి, అదే దూలాన్ని పక్కకు తిప్పి సన్నటి అంచు మీద నిలువుగా కూర్చోబెట్టాడు.

“పడుకోబెట్టడమే నా తప్పండీ. నిలబెడితే మోసుద్ది.”

“ఒరేయ్, నా తల తగులుద్దిరా!”

“మీరు తల వంచండి. దూలం వంగదు.”

మళ్ళీ గెంతారు, శెట్టి మొహం చూస్తూ మరీ గెంతారు. దూలం వెంట్రుకవాసి కదల్లేదు. శెట్టి పైకొచ్చి శాంతయ్య భుజం తట్టాడు. వంగుడన్న నోళ్ళే ‘శాంతయ్య మేస్త్రీ’ అన్నాయి.

వానాకాలం రాగానే ‘దాచిన బియ్యం బయటికి తియ్యండి’ అంటూ శెట్టిగారి అధ్యక్షతనే ఆ మంటపంలో జరిగిన ఆకలి సభలో శాంతయ్య అందరికంటే కోపంగా గెంతాడు గానీ, అతని కాళ్ళ కింద నేలమాళిగలో గోడ నుంచి గోడ దాకా పేర్చిన బియ్యం బస్తాల మీద చిటికెడు దుమ్మయినా రాలలేదు.