పట్టినట్టే ఉంది

“ట్రైలర్‌ని లాగి చూశాను. పట్టింది. ఇక ఎక్కు,” అన్నాడు జివ్కో ట్రక్కు కిటికీలోంచి.

రుమ్యానా ఎక్కలేదు. ప్లోవ్‌దివ్ శివార్లలోని సరుకుల యార్డులో, మధ్యాహ్నపు ఎండలో, టార్చి పట్టుకుని ట్రైలర్ కిందకి వంగింది. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకే ట్రక్కు నడుపుతున్నారు. ఒకరు పడుకుంటే ఒకరు స్టీరింగు పడతారు. పొద్దున పట్నంలో పని మీద నిలబడి నిలబడి ఇద్దరి కాళ్ళూ పీకుతున్నాయి.

“మంచి స్కర్టు వేసుకుని మట్టిలో పాకుతావేంటి? పట్టిందని చెప్పాగా.”

“పట్టినట్టే ఉంది. దిగి చూడు.”

“నా మాట నువ్వెప్పుడు నమ్మావు గనక?”

“నీ మాట సంగతి తర్వాత. ముందు దిగు.”

జివ్కో విసుక్కుంటూ దిగాడు. ట్రక్కు వీపు మీది ఇనుప పళ్ళేనికీ, ట్రైలర్ అడుగుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరేంత సందు. ట్రైలర్ మరీ ఎత్తులో నిలబడటంతో దాని పిన్ను పళ్ళెం దవడల్లో పడకుండా పైపైన చిక్కుకుంది. మెల్లగా లాగితే వస్తుంది. కొండదారిలో ఒక్క కుదుపు చాలు, ఇరవై టన్నుల టమాటా డబ్బాలు వెనక వచ్చేవాళ్ళ మీద పడతాయి.

అతను ఆ సందులో వేళ్ళు పెట్టి చూశాడు. “రాత్రి కంటి మీద కునుకు లేదు,” అన్నాడు.

“తెలుస్తూనే ఉంది. పద, మళ్ళీ చేద్దాం.”

జివ్కో పట్టు వదిలించే కొండి లాగి ట్రక్కును ముందుకు తీశాడు. రుమ్యానా పిడి తిప్పి, ట్రైలర్‌ను నిలబెట్టే కాళ్ళను కాస్త కుదించి దాన్ని కిందికి దించింది. అతను నెమ్మదిగా వెనక్కి వచ్చాడు. ఈసారి ఇనుము మూసుకున్న చప్పుడు గట్టిగా వినిపించింది. ఆమె మళ్ళీ వంగి చూసింది. సందు లేదు. దవడలు పిన్ను మెడను కరుచుకున్నాయి. అప్పుడు గానీ ట్రైలర్ కాళ్ళు పైకెత్తలేదు.

“ఇప్పుడేమంటావు?”

“ఇప్పుడు పట్టింది. పక్కకి జరుగు.”

ఎక్కి కూర్చుని, చీజు పెట్టిన బానిత్సా రొట్టె పొట్లం విప్పి అతని చేతిలో పెట్టింది. “తిని వెనక పడుకో. సరిహద్దు దాకా నేను నడుపుతా.”

“నీ నడుము నొప్పో?”

“నీ గురకకంటే నయమే.”

జివ్కో నవ్వలేక నవ్వాడు. సగం తిని, మిగతా సగం ఆమెకుంచి, వెనక పడక మీద వాలాడు. రుమ్యానా దుప్పటి అతని కాళ్ళ మీదికి లాగి, అద్దం సరిచేసుకుని, బ్రేకు వదిలింది.

ఆ పొద్దున్నే కోర్టు వాళ్ళకు విడాకులిచ్చింది.