క్లచ్చి తాడు

"నేను 'ఆఁ' అన్నాక గదే ఒగ్గాలి! ముందే ఒగ్గేస్తే ఎలాగ?" మోటారుసైకిలు ఎగిరిపడి ఆగిపోయాక పైడిరాజు విసుక్కున్నాడు.

"సెయ్యి మండిపోతంది మావా. ఆపలేకపోయేను," అంది వెనకాల కూర్చున్న భార్య దాలమ్మ. కొబ్బరితాడు ఒరుసుకుని ఆమె అరచెయ్యి కందిపోయింది. రెండో చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. ఆరో నెల.

ఆ తాడు రెండో కొస ఎడమ హేండిలు మీది క్లచ్చికి కట్టి ఉంది. నూనెమిల్లు బెల్టులో పడ్డ దగ్గర్నుంచి పైడిరాజు ఎడం చేతి వేళ్ళు ముడుచుకోవు. హేండిలు మీద చెయ్యి ఆనించగలడు, అంతే. అతను "ఊఁ" అంటే ఆమె తాడు లాగాలి. అతను కాలితో గేరు మార్చి "ఆఁ" అంటే మెల్లగా వదలాలి. ఇద్దరికీ కుదిరిన రోజున గేరు మారినట్టే తెలియదు. కుదరకపోతే మాత్రం బండి పొగరుబోతు ఎద్దే.

"లోపల పళ్ళసెక్రాలు జతలు జతలుగా తిరుగుతుంటాయే. ఇంజిను బలం మీదుండగా గేరు మారిస్తే పళ్ళు కొట్టుకుంటాయి. క్లచ్చి లాగితే ఆ బలం తెగతాది. టక్కున ఒగ్గీసేవనుకో, బలమంతా ఒక్కసారే వచ్చి పడతాది." అరిగిపోయిన పాఠం మళ్ళీ చెప్పాడు.

"నాకు తెల్దేటి? తెలిసినంత మాత్రాన ఓపికుండొద్దా?"

పైడిరాజుకి మాత్రం ఓపిక ఎక్కడుంది? ఊరూరూ తిరిగి దుకాణాలకి పొందూరు బట్ట వేసే పని అతనిది. బండీ బట్టా రెండూ శ్రీకాకుళం షావుకారు నగరేశ్వరరావుగారివి. చెయ్యి సంగతి తెలిస్తే ఆయన బండి ఇంకొకడి చేతిలో పెడతాడు. అందుకే ఆయన ముందు ఎడం చేతి మీద ఎప్పుడూ తువ్వాలు ఉంటుంది. పెళ్ళాం కొంగు వదలడని దుకాణాలవాళ్ళు నవ్వితే నవ్వనిచ్చాడు.

ఇప్పుడు ఆ ముచ్చటా తీరిపోయేలా ఉంది. రేపు నీ వెనకాల నేను కూర్చుంటాను, నీ తోలుడు చూడాలి అని షావుకారు నిన్న కబురు పెట్టాడు.

బజారు మలుపులో దాలమ్మ దిగి, తాడు విప్పి రొండిన దోపుకుంది. పైడిరాజు బండిని కొట్టుదాకా నెట్టుకుపోయాడు.

షావుకారు మెట్లు దిగివచ్చి, పంచె సర్దుకుని వెనక సీటు మీద కూర్చున్నాడు.

"పోనీరా."

కిక్కు కొడితే ఇంజిను అందుకుంది. పైడిరాజు గేరు మీద కాలు వేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని నొక్కాడు. లోపల పళ్ళు గరగరమన్నాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మోత. మలుపు నుంచి వెనకే నడిచొచ్చి అటుపక్క అరుగు దగ్గర నిలబడ్డ దాలమ్మ పిడికిలి దానంతటదే బిగుసుకుంది.

పైడిరాజుకి ఏడుపొచ్చినంత పనయింది. ఇన్నాళ్ళ దాపరికం కూడా బరువే అనిపించింది. ఇంజిను ఆపేసి, తువ్వాలు తీసేశాడు.

"నావల్ల అవదు బాబూ. నా సెయ్యి పన్జెయ్యదు. మీ బండి మీరు తీసీసుకోండి."

"తీసుకుని నేనేటి సేసుకోను, ఉట్టి కట్టుకోనా?"

పైడిరాజు ఎడం చెయ్యి ఎత్తి ఆయనకి చూపించబోయాడు.

"నీ సెయ్యి కాదురా, మొన్న బట్టమూట అందించినప్పుడు నీ పెళ్ళాం అరసెయ్యి సూసేను. తాడు కోత తెలవని బట్టల కొట్టోడు ఉంటాడేటి? మలుపు కాడ మీ 'ఊఁ', 'ఆఁ'లూ ఇన్నాను."

షావుకారు జేబులోంచి మెత్తటి నూలుతాడు తీసి పైడిరాజు భుజం మీద వేశాడు.

"ఇది కట్టు. కానుపయ్యేదాకా దాన్ని ఇంటికాడ ఉండమను. లాగడం నేను లాగుతాను, నువ్వు 'ఊఁ' అను సాలు."