ఒక్క చుట్టు

“ఎగిరిందా, కూలిందా?” ఫోన్లో ఏసోబు పలకరింపే అది.

“కూలింది నాన్నా,” అంది జాస్మిన్.

“మళ్లీనా! మిలట్రీవాళ్లు కూడా ఇన్ని కూల్చుకోరు కదమ్మా!”

వంటింట్లో ప్రేమావతి చేతిలో గరిటె ఆగింది. హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు ఆ వెంటనే సిగ్గుపడింది. ఈ వారానికి కోడలు ఇంట్లోనే ఉంటుంది.

ఆ బొమ్మ విమానం ప్రేమావతి కొడుకు డానీది. అతనికి అదో పిచ్చి. ముందు చిన్నదొకటి చేశాడు. ఆదివారం చర్చి అయ్యాక మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలంలో మొగుడూ పెళ్లాలు రిమోట్‌తో ఎగరేసేవాళ్లు. డానీ కంటే జాస్మినే నయం. కోడిపెట్టని గూటికి తోలినట్టు, దాన్ని సరిగ్గా తన కాళ్ల దగ్గరికి దించేది. ఒకరోజు డానీ తల్లి చేతిలో కూడా రిమోట్ పెట్టాడు.

“ఈ పుల్ల వెనక్కి లాగితే పైకమ్మా, ముందుకు నెడితే నేలకే. అంతే, ఇంకేం లేదు.”

ఆ తర్వాత పెద్దది మొదలుపెట్టాడు. పాతకాలం యుద్ధవిమానం. ఫోమ్ షీట్లు కోసి, గ్లూ గన్‌తో అంటించి, ఆకుపచ్చా మట్టిరంగూ మచ్చలు వేశాడు. రెక్కలు అతికించకముందే విస్సన్నపేట రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు.

డానీ సంవత్సరికం ప్రార్థన కూడిక అయిన రోజే ఏసోబు కూతుర్ని తీసుకుపోవడానికి గంపలగూడెం నుంచి ఆటో కట్టించుకు వచ్చాడు. అక్కడో సంబంధం చూసిపెట్టాడు. జాస్మిన్ అవుననలేదు, కాదనలేదు.

“ఆయన సగంలో వదిలేసింది పూర్తి చేస్తాను నాన్నా. అది పైకి లేచి, ఒక్క చుట్టు తిరిగి, ముక్క విరక్కుండా దిగిన రోజు నేనే వచ్చి ఆటో ఎక్కుతాను. అప్పటిదాకా అడక్కండి.”

పోయినవాడి పేరు మీద అడిగింది. బైబిలు మీద చెయ్యి వేసి ఒప్పుకున్నాడు ఏసోబు. ఇప్పుడు ఆ చెయ్యే అతన్ని కట్టేసింది.

గుమ్మం ముందు ఆటో చప్పుడైతే చాలు, ప్రేమావతి చేస్తున్న పని వదిలేసి బయటికొచ్చి చూసేది. మొగుణ్ణి ఆసుపత్రికి ఆటోలోనే పంపింది. కొడుకుని ఆటోలోనే తెచ్చారు. ఇప్పుడు మిగిలింది ఈ పిల్ల.

మొదటి ఆదివారం విమానం దానంతటదే కూలింది. రెండోసారి మాత్రం ప్రేమావతి ఆగలేకపోయింది. జాస్మిన్ బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లిన వేళ చూసి, తోక దగ్గరున్న చిన్న స్క్రూ వదులు చేసింది. అది ఊడితే తోక పని చెయ్యదని ఆమెకి తెలుసు.

కూలింది. కానీ ముక్కలు ఏరుతుంటే స్క్రూ బిగుతుగానే తగిలింది. కంగారులో విప్పబోయి బిగించానేమో అనుకుంది. మరి ఎలా కూలినట్టు? దేవుడే తన మొర విన్నాడనుకుంది. ఇలాంటి మొర దేవుడు వింటాడా అని కూడా అనుకుంది.

జాస్మిన్ కిటికీ దగ్గర కూర్చుని, విరిగిన రెక్క ఒళ్లో పెట్టుకుని అతుకు మీద అతుకు వేస్తోంది. మధ్యమధ్య తలెత్తి రోడ్డుకేసి చూస్తోంది.

“విసుగు రావట్లేదా అమ్మా?”

“నాకేం తొందర అత్తయ్యా?”

ఆ మాట ప్రేమావతికి ముల్లులా దిగింది. ముప్పై నిండని పిల్ల. దాని బతుకుని స్క్రూ తిప్పి ఆపేస్తున్నది తను. పంపితే ఇల్లు తనని మింగేస్తుంది. ఉంచితే పాపం మింగేస్తుంది. కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకుంది నాలుగు రోజులు. చివరికి డానీ స్క్రూడ్రైవర్ తీసుకుని, ఒక్కొక్క స్క్రూ తనే బిగించింది. రెక్క అతుకు మీద చెయ్యి ఉంచి, కళ్లు మూసుకుంది.

“ప్రభువా, ఈసారి ఎగరనియ్యి.”

ఆ ఆదివారం ఏసోబు ఆటోతో సహా యార్డు వెనక్కే వచ్చేశాడు.

“ఈ అట్ట విమానం సంగతేంటో నేనే చూస్తా. ఏం చెల్లెమ్మా, ఎగిరే బలం రావడానికి దీనికి పప్పన్నం పెట్టావా లేదా?”

ప్రేమావతి నవ్వలేకపోయింది. జాస్మిన్ బట్టల సంచి అప్పటికే ఆటోలో ఉంది. తండ్రే పెట్టించాడు.

“మీరే విసరండి అత్తయ్యా,” అంది జాస్మిన్.

విమానం ముక్కు మీది పంకా రొద పెట్టింది. ప్రేమావతి ఉన్న బలమంతా పెట్టి విసిరింది. విమానం ఓసారి తూలింది, నిలదొక్కుకుంది, లేచింది. యార్డు రేకుల మీదుగా వెళ్లి, తాడిచెట్ల మీద ఒరిగి, వెనక్కి తిరిగింది. ఎండకి రెక్కలు మెరిశాయి.

“చుట్టు అయిపోయింది!” ఏసోబు చప్పట్లు కొట్టాడు. “దించమ్మా, దించు! ఆటో తిప్పవయ్యా!”

విమానం వాళ్లకేసే వస్తోంది, నెమ్మదిగా, బుద్ధిగా. ప్రేమావతి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జాస్మిన్ ఆటోలోని సంచికేసి ఒకసారి, అత్తకేసి ఒకసారి చూసింది.

విమానం ఉన్నట్టుండి ముక్కు వంచి, వాళ్ల ముందే నేలని గుద్దుకుని ముక్కలైంది.

“అయ్యో! దిగేముందే!” ఏసోబు నెత్తి కొట్టుకున్నాడు. “ఏమైందే?”

“గాలి నాన్నా.”

తాడిచెట్ల మీద ఆకు కదలడం లేదు. ఏసోబు గొణుక్కుంటూ సంచి తెచ్చి కూతురి పక్కన పడేశాడు. ఆటో అతనొక్కడితోనే తిరిగింది.

ముక్కలు ఏరడానికి వంగుతూ ప్రేమావతి చూసింది: రిమోట్ మీద జాస్మిన్ బొటనవేలు, గోరు తెల్లబడేంత గట్టిగా, ఆ పుల్లని ఇంకా ముందుకే నెట్టి పట్టుకుని ఉంది.