తీతువు ఓటు

గడ్డిబీడుకు పెద్దను ఎన్నుకోవాల్సి వచ్చింది. గుంటనక్క నిలబడింది. దండాలు పెట్టడం దానికి బాగా వచ్చు. బొరియ బొరియకూ తిరిగి, చివరికి నేలమీద గుడ్లు పొదుగుతున్న ముసలి తీతువు పిట్ట వైపు వచ్చింది.

"అత్తా, పాతవి మనసులో పెట్టుకోకు. పోయినేడు తిన్న గుడ్లు నీవని నాకు తెలీదు. ఈసారి ఓటు నాకే వెయ్యి."

 నక్క ఇంకాస్త ముందుకొస్తే గుడ్లు కనబడిపోతాయి. అందుకని తీతువు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ దూరంగా నడిచింది. కుందేళ్లు బొరియల్లోంచి చూస్తున్నాయి.

నక్క దండం దించేసింది. మాట మానేసి, పొట్ట నేలకానించి, పిట్ట వెనకే పాకింది. పాకి పాకి ఒక్క దూకు దూకింది.

తీతువు రివ్వున పైకి లేచి, బీడంతా వినబడేలా అరిచింది. "ఓటడగొచ్చినవాడివి, రెక్కకేమైందత్తా అని ఒక్క మాటన్నా అడగవేంరా?"