మళ్ళీ మర్చిపోయాను బాబూ

"మళ్ళీ మర్చిపోయాను బాబూ."

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ తలెత్తలేదు. గొంతు వింటేనే తెలిసిపోయింది. స్టోర్స్ గుమస్తా.

"నిన్ననే కదా కొత్త పాస్‌వర్డ్ ఇచ్చాను."

"ఇచ్చావు. పొద్దున కూడా గుర్తుంది. కుర్చీలో కూర్చునేసరికి ఎగిరిపోయింది."

"మీ ఆవిడ పేరు పెట్టుకోమన్నాను కదండీ."

"అదే పెట్టాను. పక్కన ఏదో అంకె ఉండాలన్నావు. ఆ అంకె దగ్గరే వచ్చింది చిక్కు."

పక్క సీట్లవాళ్ళు కిసుక్కున నవ్వారు. వాళ్ళతోపాటు గుమస్తా కూడా నవ్వాడు.

అడ్మినిస్ట్రేటర్ ఆ రసాయనాల ఫ్యాక్టరీలో చేరి ఏడాది కాలేదు. ఎవరి పాస్‌వర్డ్ పోయినా అతని దగ్గరికే రావాలి. మిగతావాళ్ళు ఎప్పుడో ఓసారి వచ్చేవారు. గుమస్తా రోజూ వచ్చేవాడు. తప్పుడు పాస్‌వర్డ్ కొట్టి కొట్టి ఖాతాకు తాళం పడేలా చేసుకుని, మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, అదే మాట.

ఆడిట్ రోజున కూడా వచ్చాడు. అప్పటికే స్టోర్స్‌లో సరుకు కదలక లారీలు గేటు దాకా నిలిచిపోయాయి. పైవాళ్ళ చీవాట్లు అడ్మినిస్ట్రేటర్‌కి పడ్డాయి.

ఆ కోపంలోనే కొత్త మేనేజర్‌కి మెయిల్ పెట్టాడు: 'ఈ ఉద్యోగానికి ఈయన పనికిరారు.'

మేనేజర్ ఇంకేమీ అడగలేదు. వారం తిరక్కుండా గుమస్తాను పంపించేశారు. అతని ఖాతా, గేటు కార్డు రెండూ అడ్మినిస్ట్రేటరే రద్దు చేశాడు. పీడ విరగడైందనుకున్నాడు.

మర్నాడు పొద్దున గేటు నుంచి ఫోను.

"సార్, స్టోర్స్ ఆయన వచ్చారు. కార్డు పనిచెయ్యట్లేదంటున్నారు."

"ఆయన్ని తీసేశారుగా. తెలీదా ఆయనకి?"

కాపలాదారు పక్కకు తిరిగి ఏదో అడిగాడు.

"గుర్తులేదంటున్నారు సార్. మీకు చెబితే సరిచేస్తారట."

"ఇంటికెళ్ళమను. నాకు బోలెడు పనుంది."

కంపెనీ బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. మళ్ళీ సాయంత్రానికి గానీ రాదు. గుమస్తా చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత నడవడం మొదలుపెట్టాడు. ఇంటివైపు కాదు, రెండోవైపు.

మర్నాడు రైలు పట్టాల పక్కన శవమై దొరికాడు.

కబురు తెలిశాక అడ్మినిస్ట్రేటర్‌కి ముద్ద దిగలేదు. ఎవరికీ చెప్పకుండా గుమస్తా ఇంటికి వెళ్ళాడు. ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ ఉండరనుకున్నాడు.

వీధి పట్టనంత జనం. ఫ్యాక్టరీలో పాత షిఫ్టులవాళ్ళు, భార్యాపిల్లలతో సహా వచ్చి నిలబడ్డారు.

గుమ్మంలో గుమస్తా భార్య ఎవరితోనో చెబుతోంది.

"ఉద్యోగం పోయిందన్న ముక్క ఇంట్లో చెప్పడం కూడా మర్చిపోయారమ్మా. నా చేత్తో నేనే క్యారేజీ కట్టి బస్సెక్కించాను."

గోడవారన కంపెనీ బస్సు డ్రైవరు నిలబడి ఉన్నాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"పనికిరాడని ఎవడో పైకి రాశాడట సార్. వాడికి చేతులెలా వచ్చాయో."

అడ్మినిస్ట్రేటర్ ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగాడు.

"ఆయనకి మొదట్నుంచీ ఇంత మతిమరుపేనా?"

డ్రైవరు అతనివైపు వింతగా చూశాడు.

"మీరు కొత్తవారు, తెలీదులెండి. అప్పట్లో మన ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైన రోజున మూతికి తడిగుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళి, వచ్చి, మళ్ళీ వెళ్ళి, ఇక్కడ నిలబడ్డ మమ్మల్నందర్నీ ఒక్కొక్కళ్ళనే భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు సార్. అప్పుడు పీల్చిన గ్యాసే ఆయన మతిని తినేసింది."