ముప్పై గీత

“ఇంకా ఎంతసేపే? సబ్బమ్మ వచ్చే వేళయింది.” తెర అవతలి నుంచి అత్త గొంతు.

“అయిపోయింది అత్తయ్యా.”

కోడలు సీసాకు మూత బిగించి, తెర సందులోంచి చెయ్యి చాపింది. అత్త ఆ చిన్న సీసాను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి ముఖం చేటంత చేసుకుంది.

“ముప్పై గీత దాటిందే! మొన్నటిదాకా సీసా అడుగు కూడా తడవలేదు. నేను చెప్పలా, నీళ్ళు బాగా తాగితే పాలు అవే పడతాయని? చూడు, జగ్గు అప్పుడే ఖాళీ.”

పక్క మంచం ఆవిడకు వినపడాలని ఇంకో మాట కూడా అంది. “మా ఇంటి ఆడవాళ్ళకు పాలకు ఎప్పుడూ లోటు లేదమ్మా.”

కోడలు తలొంచుకుని కొంగు సర్దుకుంది.

పాప నెలలు నిండకుండానే పుట్టింది. కిలో ఆరొందల గ్రాములు. పుట్టిన దగ్గర్నుంచీ పసిపిల్లల గదిలో, అద్దాల పెట్టెలోనే ఉంది. చప్పరించే బలం లేదు కాబట్టి తల్లి పిండి ఇచ్చిన పాలను ముక్కులో వేసిన సన్నటి గొట్టంతో పడుతున్నారు. మూడు గంటలకోసారి సీసా తీసుకెళ్ళే నర్సుకు వార్డంతా కలిసి పెట్టిన పేరు సబ్బమ్మ. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోకపోతే పెద్ద డాక్టరమ్మనైనా ఆ గది గుమ్మం దాటనివ్వదు.

సబ్బమ్మ వచ్చింది. సీసాను కిటికీ వెలుతురులో పెట్టి, కాస్త వంచి చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది.

“ఎంత వస్తే అంతే ఇవ్వమ్మా. చెంచాడైనా చాలు. మిగతాది పాలబ్యాంకు నుంచి తెచ్చి పడతాను. వేరే తల్లులు ఇచ్చిన పాలుంటాయి.”

“పరాయివాళ్ళ పాలు మా పిల్లకెందుకు? దీనికి బోలెడు పడుతుంటే!” అంది అత్త.

“పాప రెండు రోజుల్లో నలభై గ్రాములు తగ్గిందండీ.”

తల్లి మంచం మీంచి ముందుకు వంగింది. “బతుకుతుందా సిస్టర్?”

రోజుకు పదిసార్లు అడిగే ప్రశ్నే అది. ఎప్పుడడిగినా ‘నిన్ను సతాయించకుండా ఎక్కడికి పోతుంది’ అని నవ్వేసే నర్సు ఇవాళ నవ్వలేదు. “కడుపు నిండితే ఎందుకు బతకదు?” అని వెళ్ళిపోయింది.

ఐదు నిమిషాలు కాలేదు. మనవరాలిని అద్దంలోంచి చూద్దామని వెళ్ళిన అత్త కేకలతో వరండా దద్దరిల్లిపోయింది.

“పారబోసింది! నా కోడలు కష్టపడి పిండి ఇచ్చిన పాలు సింకులో వంపేసింది! నా కళ్ళతో చూశాను!”

పెద్ద డాక్టరమ్మ వచ్చింది. “నిజమేనా?”

“నిజమే మేడం,” అంది నర్సు.

“ఎందుకు?”

కేకలు విని వచ్చి తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ తల్లి మీద నర్సు చూపు ఒక్క క్షణం ఆగింది. “సబ్బు నీళ్ళు పడ్డాయి మేడం. నాదే పొరపాటు.”

“పచ్చి అబద్ధం! సబ్బూ లేదు, గిబ్బూ లేదు. మూత తీసి నేరుగా వంపేసింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా చేస్తోందో! పిల్ల చిక్కిపోయిందంటే చిక్కిపోదూ మరి?”

డాక్టరమ్మ ముఖం గంభీరంగా మారింది. “పదిహేనేళ్ళ సర్వీసు. నీ నోట అబద్ధం వింటాననుకోలేదు. విచారణ అయ్యేదాకా ఈ గదిలో అడుగు పెట్టకు.” కాగితం తెప్పించింది. అత్త చెబుతుంటే గుమాస్తా ఫిర్యాదు రాశాడు. “తల్లి సంతకం కావాలి. నువ్వేమంటావమ్మా?”

“నాకేం తెలీదండీ,” అంది తల్లి. సంతకం పెట్టింది. తన పేరే తనకు వంకరగా కనిపించింది.

నర్సు వెళ్ళేముందు కొత్తగా వచ్చిన నర్సు అమ్మాయిని ఒక్కో పెట్టె దగ్గరికీ తీసుకెళ్ళింది. “దీన్ని ఎడమ పక్కకు తిప్పితేనే నిద్రపోతుంది. పాలు పట్టేటప్పుడు అరికాలు నిమురుతూ ఉండు, లేకపోతే కక్కేస్తుంది.” బయటికి వస్తూ తల్లి దగ్గర ఆగింది. “చేతులు కడుక్కుని లోపలికి పోమ్మా. నీ చెయ్యి తగిలితే గుర్తుపడుతుంది.”

తల్లి తల ఎత్తలేకపోయింది. చేతులు కడుక్కుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. లోపలికి మాత్రం పోలేకపోయింది.

ఆ రోజు మళ్ళీ సీసా పంపలేదు. తల తిరుగుతోందంది. పాపకు పాలబ్యాంకు పాలే పట్టారు.

మర్నాడు పొద్దున్న తూకం వేస్తే పాప ముప్పై గ్రాములు పెరిగింది.

“చూశావా! ఆ మహాతల్లి అటు పోయిందో లేదో, పిల్ల ఇటు తేరుకుంది!” అత్త సంబరపడిపోతూ జగ్గు నిండా నీళ్ళు తెచ్చి పెట్టింది. “తాగవే. ఇవాళ మనమే పంపుదాం పాలు.”

తల్లి ఆ జగ్గు వైపు చూసి లేచింది. కుట్లు లాగుతున్నా గోడ పట్టుకుని నడిచి డాక్టరమ్మ గదికి వెళ్ళింది.

“నిన్నటి కాగితం చింపేయండి.”

“అదేమిటమ్మా? నీ బిడ్డ పాలు పారబోసిన మనిషి మీద జాలేమిటి?”

తల్లి బల్ల అంచు పట్టుకుంది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ఎంత అడిగినా ఆవిడ సబ్బు నీళ్ళనే అంటోంది. నేను నమ్మను. అసలు కారణం నీకేమైనా తెలుసా?”

“ఆ సీసాలో సగం నీళ్ళేనండీ, కలిపింది నేనే.”